ముందు పైకప్పు, తర్వాతే ఏసీ

అందరికీ నమస్కారం.

పర్యావరణానికి మేలు చేసే భవనం అనగానే చాలామందికి మెరిసిపోయే కొత్త భవనమే గుర్తొస్తుంది. పైన సోలార్ పలకలు, గోడల మీద పచ్చని తీగలు, లాబీలో ఫ్రేము కట్టిన సర్టిఫికెట్. వాటితో నాకేం పేచీ లేదు. కాకపోతే ఇవాళ నేను మాట్లాడబోయేది రంగు వెలిసి, లిఫ్టు మొరాయిస్తూ, మనమంతా రోజూ వాడుకుంటున్న పాత భవనాల గురించి. యూరోపియన్ కమిషన్ అంచనా ప్రకారం యూరప్‌లో ఇప్పుడున్న భవనాల్లో 85 నుంచి 95 శాతం 2050లో కూడా నిలబడే ఉంటాయి. కొత్తవాటిని ఎంత గొప్పగా కట్టినా, పాతవాటిని ముట్టుకోకపోతే లెక్క తేలదు.

ప్రపంచం వాడే ఇంధన శక్తిలో సుమారు 30 శాతం భవనాలను నడపడానికే పోతోంది. చల్లబరచడం, వెచ్చబరచడం, దీపాలు, వేడినీళ్లు, ఇవన్నీ కలిపి. ఇంధన రంగపు కర్బన ఉద్గారాల్లో నాలుగో వంతుకు పైగా వీటి ఖాతాలోనే పడుతోంది. ఇది నడిపే ఖర్చు. కట్టే ఖర్చు వేరే ఉంది. సిమెంటు కోసం సున్నపురాయిని బట్టీలో సుమారు 1450 డిగ్రీల దాకా కాలుస్తారు. ఆ మంటకు వాడే ఇంధనం నుంచి వచ్చే పొగ ఒక ఎత్తు. రాయి విడిపోయి సున్నంగా మారేటప్పుడు రాతిలోంచే వెలువడే కార్బన్ డయాక్సైడ్ ఇంకో ఎత్తు. సిమెంటు ఉద్గారాల్లో సగానికి మించి ఈ రెండోదే. బట్టీని సౌర విద్యుత్తుతో నడిపినా అది ఆగదు. పాత భవనం విషయంలో ఆ నష్టం ఎప్పుడో జరిగిపోయింది. దాన్ని కూల్చి కొత్తది కడితే అదే నష్టం మళ్లీ మొదటి నుంచి మొదలు.

అమెరికాలో పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ ఫర్ హిస్టారిక్ ప్రిజర్వేషన్ అనే సంస్థ 2011లో దీని మీద ఒక అధ్యయనం చేయించింది. కొత్త భవనం పాతదానికన్నా 30 శాతం తక్కువ శక్తితో నడిచినా సరే, కట్టేటప్పుడు చేసిన హాని పూడడానికి భవనం రకాన్ని బట్టి 10 నుంచి 80 ఏళ్లు పడుతుందని అందులో తేలింది. ఎనభై ఏళ్లంటే ఆలోచించండి, ఆ బాకీ తీరేలోపు ఆ కొత్తదాన్ని కూడా ఎవరో కూల్చేస్తారు! అలాగని ప్రతి పాత కట్టడాన్నీ బతికించి తీరాలని నేను అనను. కాంక్రీటు లోపలి ఇనుము తుప్పు పట్టి, పిల్లర్లు బీటలు వారితే ముందు స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాలి. ఆయన వద్దంటే వద్దు.

సరే, ఉంచుకుందాం అనుకున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి? నూటికి తొంభై మంది యంత్రంతో మొదలుపెడతారు. కరెంటు బిల్లు చూసి టెన్షన్ పడి, పాత ఏసీ తీసేసి ఐదు నక్షత్రాలది పెడతారు. ఎండకు కాలే శ్లాబు అలాగే ఉంటుంది, కిటికీ సందులు అలాగే ఉంటాయి. చిల్లుకుండకు ఖరీదైన మోటారు బిగించినట్టు. నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఒక్కటే: పని వరుసలో జరగాలి. ముందు పైకప్పు, గోడలు, కిటికీలు. యంత్రాలు చివర్న.

ఈ వరుసకు నాకు తెలిసిన మంచి ఉదాహరణ న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ భవనం. 1931లో పూర్తయింది. 2009లో దాని మరమ్మతు పథకం ప్రకటించినప్పుడు 6,514 కిటికీల గురించి ఏం చేయాలన్నది పెద్ద ప్రశ్న. కొత్తవి తెప్పించలేదు. ఐదో అంతస్తులోనే ఒక వర్క్‌షాపు పెట్టారు. ఉన్న జంట అద్దాలను విప్పి, శుభ్రం చేసి, రెండింటి మధ్య వేడిని వెనక్కి కొట్టే పల్చటి ఫిల్మ్ బిగించి, లోపల గ్యాసు నింపి, మళ్లీ అదే చోట అమర్చారు. అద్దాలు దాదాపు అన్నీ పాతవే. చలికాలంలో గదులను వెచ్చబరిచే రేడియేటర్ల వెనక, గోడకు వేడి పోకుండా ఇన్సులేషన్ దూర్చారు. ఇదేం పత్రికల్లో ఫొటో పడే పని కాదు. కానీ దీనివల్ల భవనానికి కావలసిన చల్లదనమే తగ్గింది. చల్లదనం అవసరం తగ్గేసరికి, మార్చాల్సి వస్తుందనుకున్న చిల్లర్లకు, అంటే భవనమంతటినీ చల్లబరిచే పెద్ద యంత్రాలకు, మరమ్మతు చేస్తే సరిపోయింది. అక్కడ మిగిలిన డబ్బు కిటికీల ఖర్చుకు ఆసరా అయింది. మొత్తం మీద 38 శాతం శక్తి ఆదా లక్ష్యంగా పెట్టుకుని చేసిన పని ఇది. ముందు చిల్లర్లు కొనేసి ఉంటే ఈ లెక్క కుదిరేదే కాదు.

ఏసీ విషయంలోనూ ఇదే జరుగుతుంది. వేడి చొరబడే గదికి లెక్కగట్టి రెండు టన్నులది పెట్టి, ఆ తర్వాత కప్పు బాగుచేయించారనుకోండి. ఆ యంత్రం ఇప్పుడు గదికి మరీ పెద్దది. పాతరకం మెషీనైతే గబగబా చల్లబరిచి ఆగిపోతుంది, మళ్లీ మొదలవుతుంది. గాలిలో తేమ లాగేంతసేపు నడవదు. గది చల్లగానే ఉంటుంది, ఒళ్లు మాత్రం జిగటగా ఉంటుంది.

వేడి ప్రదేశాల్లో మొదటి చూపు పైకప్పు మీదే పడాలి. ముదురు రంగు కప్పు మండుటెండలో 65 డిగ్రీలు దాటగలదు. అదే కప్పుకు ఎండను తిప్పికొట్టే తెల్లటి పూత వేస్తే 25, 30 డిగ్రీల తేడా కనిపించవచ్చు. ఒక జాగ్రత్త: దుమ్ము పేరుకుంటే పూత పనితనం తగ్గుతుంది, కడుగుతూ ఉండాలి. చలి ప్రదేశాల్లో ఇదే పూత నష్టం చేయవచ్చు, అక్కడ కప్పు కింద మందపాటి ఇన్సులేషన్ ముఖ్యం. ఇక సందులు మూసేటప్పుడు గాలి వచ్చే దారి కూడా ఆలోచించాలి. అన్నీ బిగించేసి వదిలేస్తే వంటగది ఆవిరి, స్నానాల గది తేమ ఎటూ పోలేక గోడ మూలల్లో నల్లటి బూజుగా తేలతాయి. పాత భవనాన్ని ఇలా మెరుగుపరిచే పనికి, అంటే రెట్రోఫిట్‌కు, చెడ్డపేరు వచ్చేది చాలాసార్లు ఇక్కడే.

అందులో ఉంటున్న మనుషుల సంగతేమిటని అడుగుతారు. ఫ్రాన్స్‌లోని బోర్డోలో 1960ల నాటి మూడు బ్లాకులు, 530 ఫ్లాట్లు. లకటోన్, వాసల్ అనే ఆర్కిటెక్టులు మరో ఇద్దరితో కలిసి ప్రతి ఫ్లాటు ముందు 3.8 మీటర్ల లోతున అద్దాల వరండాలు, బాల్కనీలు చేర్చారు. చలికాలం ఆ వరండా ఎండను పట్టుకుని లోపలి గదిని వెచ్చగా ఉంచుతుంది, వేసవిలో తెరిస్తే గాలి, నీడ. పని జరుగుతున్నంత కాలం జనం తమ ఇళ్లలోనే ఉన్నారు. లకటోన్, వాసల్ ఇద్దరికే 2021లో ఆర్కిటెక్చర్ రంగంలో అత్యున్నతమైన ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది. ఎక్కడా కూల్చకుండా!

ఇన్ని తెలిసినా పని ఎందుకు నడవదు? ఖర్చు పెట్టాల్సింది యజమాని, బిల్లు తగ్గేది అద్దెదారుకి. ఇద్దరిదీ తప్పు కాదు, ఇద్దరూ కదలరు. టెక్నాలజీ కన్నా ఈ పీటముడే గట్టిది. న్యూయార్క్ నగరం 2019లో తెచ్చిన 97వ నంబరు స్థానిక చట్టం దీన్ని ఒక రకంగా విప్పబోయింది. 25,000 చదరపు అడుగులు దాటిన చాలా భవనాలకు ఉద్గారాల మీద పరిమితి పెట్టి, మించితే యజమానికే జరిమానా వేస్తామంది. 2024 నుంచి ఆ పరిమితులు అమల్లో ఉన్నాయి, 2030 నుంచి ఇంకా బిగుసుకుంటాయి. నా మటుకు నాకు జరిమానా ఒక్కటే చాలదనిపిస్తుంది. చిన్న యజమానికి ముందు పెట్టుబడి కావాలి, తక్కువ వడ్డీకి అప్పు కావాలి.

చివరగా, అప్పు లేకుండా కూడా దొరికే ఒక అవకాశం ఉంది. భవనానికి ఎలాగూ ఏదో ఒక పని పడుతూనే ఉంటుంది. కప్పు కారుతుంది, గోడలకు రంగు వేయించాలి, ఏసీ పాడవుతుంది. రంగుల కోసం పరంజా కట్టిన రోజునే కిటికీల మీద నీడ పలకలు, బయటి ఇన్సులేషన్ పెట్టిస్తే పరంజా ఖర్చు రెండోసారి ఉండదు. లీకేజీకి వాటర్‌ప్రూఫింగ్ చేయించేటప్పుడే తెల్ల పూత కూడా అడగాలి. ఏసీ చచ్చిపోయిన రోజున తొందరలో కొనేది ఎప్పుడూ షోరూములో ఉన్న మోడలే అవుతుంది, కాబట్టి దాని లెక్క ముందే కట్టించి పెట్టుకోవాలి. మీ భవనానికి రాబోయే పెద్ద మరమ్మతు ఏమిటో, ఏ ఏడాది చేయించాలనుకుంటున్నారో చెబితే, దానితో ఏం కలపవచ్చో మాట్లాడుకుందాం. మైకు వెనక వరుస నుంచి మొదలుపెట్టండి.