‘నైస్’ అంటే ఎప్పుడూ బాగుందనేనా?

సభకు నమస్కారం.

మన నెల్లూరులో తిక్కనగారు విరాటపర్వం మొదలుకొని 15 పర్వాలు తెలుగు చేసింది 13వ శతాబ్దంలో. ఆ శతాబ్దం ముగిసే వేళకు ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి ఒక మాట చేరింది. అదే మనం నోరు తెరిస్తే అనే ‘నైస్’. అప్పట్లో ఎవరినైనా అలా అంటే తిట్టినట్టే, ఎందుకంటే దానర్థం తెలివితక్కువవాడని!

మూలం లాటిన్‌లోని ‘నెస్కియుస్’. ‘నె’ అంటే లేదు, ‘స్కీరె’ అంటే తెలియడం. ఏమీ తెలియనివాడన్నమాట. ‘సైన్స్’ పుట్టింది కూడా ఆ ‘స్కీరె’ నుంచే. తెలివికీ తెలియనితనానికీ చెరొక మాట ఒకే ధాతువు నుంచి రావడం ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ముచ్చటే.

ఆ తర్వాత అది బిడియస్తులకూ, ప్రతిదానికీ వంకపెట్టే సుకుమారులకూ వాడుకైంది. 16వ శతాబ్దానికి ‘సూక్ష్మమైన’ అనే అర్థం వచ్చింది. ‘బాగుంది, ఇంపుగా ఉంది’ అనే అర్థం 18వ శతాబ్దపు రెండో సగంలో గానీ స్థిరపడలేదు.

మన భాషలోనూ ఇంతే కదా. పాత కావ్యాల్లో కంపు అంటే పరిమళం కూడా. మిమ్మల్ని గౌరవంగా సభికులంటున్నాం, సంస్కృతంలో సభికుడంటే జూదశాల నడిపేవాడు.

నైస్‌ని మనవాళ్లు ఇంకో దారి పట్టించారు. మిల్లు దగ్గర ‘రవ్వ లేకుండా నైసుగా ఆడించయ్యా’ అంటాం. తీపి మాటలతో పని జరుపుకున్నవాణ్ణి ‘నైసు చేశాడు’ అంటాం. ఇంగ్లీషువాళ్లకు ఇవి అర్థం కావని కొందరు తప్పుపడతారు. నేను ఒప్పుకోను. ఇవి తెలుగు మాటలైపోయాయి.

అయితే ఇంగ్లీషు రాసేటప్పుడు మాత్రం జాగ్రత్త కావాలి. ‘నైస్ టీచర్’ అని రాస్తే ఆయన ఓపిక గలవారో, చక్కగా విడమరిచి చెబుతారో చదివేవాళ్లకు తెలియదు. ఆ గుణమేదో రాయండి. ‘నైస్ అండ్ హాట్’ అంటే కాఫీ చక్కగా వేడిగా ఉందని, రెండు గుణాలు కాదు.

న్యాయశాస్త్రం చదివే పిల్లలకు ఇంకొకటి. పాత తీర్పుల్లో ‘ఎ నైస్ పాయింట్ ఆఫ్ లా’ అని కనిపిస్తే, వాదన బాగుందని జడ్జిగారు మెచ్చుకున్నారనుకోకండి. తేల్చడానికి కష్టమైన, వెంట్రుకవాసి తేడా ఉన్న చిక్కు ప్రశ్న అని ఆయన అంటున్నారు.