సికందర్ ఎవరి కొడుకు?

అందరికీ నమస్కారం. ఈ సాయంత్రం ఒకే ఒక్క పేరు గురించి మాట్లాడతాను. గ్రీకులకు అలెగ్జాండ్రోస్, పర్షియన్లకు సికందర్, అరబ్బులకూ మలయ్ వాళ్లకూ ఇస్కందర్. చరిత్ర ప్రకారం మాసిడోనియా రాజు ఫిలిప్ కొడుకు. క్రీ.పూ. 323లో బాబిలోన్‌లో చనిపోయేనాటికి ముప్పై మూడేళ్లు కూడా నిండలేదు. కథల్లోకి వచ్చేసరికి మాత్రం తండ్రి ఎవరన్న దగ్గరే పేచీ మొదలవుతుంది.

ఈజిప్టు వైపు కథలో తండ్రి ఫారో నెక్తనెబో. రాజ్యం పోగొట్టుకుని, మాసిడోనియా చేరి, మంత్రవిద్యతో రాణి ఒలింపియాస్‌ను వశం చేసుకుంటాడు. అంటే ఈజిప్టును గెలిచినవాడు అక్కడి రాజబిడ్డే అన్నమాట.

పర్షియా కథ ఇంకా లోతైనది. 1010 ప్రాంతంలో కవి ఫిరదౌసి ముగించిన షానామా అనే రాజుల కథాకావ్యంలో పర్షియా రాజు దారాబ్ ఫిలిప్ కూతుర్ని పెళ్లాడతాడు. ఆమె నోటి దుర్వాసనకు వైద్యులు సికందర్ అనే మూలికతో మందు వేస్తారు. వాసన పోతుంది గానీ రాజు మనసు విరిగిపోతుంది, ఆమెను పుట్టింటికి పంపేస్తాడు. అప్పటికే ఆమె గర్భవతి. పుట్టిన బిడ్డకు ఆ మూలిక పేరే పెడుతుంది. దారాబ్‌కు మరో భార్య వల్ల కలిగిన కొడుకు దారా, అంటే చరిత్రలో అలెగ్జాండర్ చేతిలో ఓడిన పర్షియా రాజు మూడో డేరియస్. ఇక ఆ మహాయుద్ధం అన్నదమ్ముల యుద్ధమైపోయింది.

సొంత మంత్రులే పొడిచిన దారా తలను సికందర్ తన ఒడిలోకి తీసుకుని ఏడుస్తాడు. తన కూతురు రోషనక్‌ను పెళ్లి చేసుకోమని దారా చివరి మాటగా అడుగుతాడు. నిజానికి క్రీ.పూ. 330లో అలెగ్జాండర్ చేరుకునేసరికే దారా ప్రాణం పోయింది. అయినా ఆ ఘట్టం చదివిన ప్రతిసారీ నా గొంతు పట్టేస్తుంది.

ఓడినవాళ్లు పరువు నిలుపుకోవడానికి అల్లిన కథలు ఇవని కొందరు తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. అదే పర్షియాలో అక్కడి పాత మతమైన జొరాస్ట్రియన్ పురోహితులు సికందర్‌ను శాపగ్రస్తుడన్నారు, తమ పవిత్ర గ్రంథాలు తగలబెట్టాడని రాసుకున్నారు. ఆ కోపం ఎక్కడికీ పోలేదు. ఫిరదౌసి ఆ కోపం పక్కనే దుఃఖానికీ చోటిచ్చాడు, అంతే.

మలయ్ రాజుల సంగతి చూడండి. సికందర్ సైన్యం ఆ ఛాయలకే వెళ్లలేదు. అక్కడ ఓటమీ లేదు, పోయిన పరువూ లేదు. అయినా తమ వంశవృక్షానికి మొదట్లో ఇస్కందర్ జుల్కర్నైన్‌ను, అంటే ‘రెండు కొమ్ముల’ ఇస్కందర్‌ను నిలుపుకున్నారు. మలేసియా సుల్తానుల పేర్లలో ఇస్కందర్ ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది.