నడుము ఆపరేషన్‌లో కండను కాపాడే దారులు

సభకు నమస్కారం. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసే హమాలీ సోదరులు ముందు వరుసలోనే కూర్చున్నారు కనుక, ఎముకను, పూసల మధ్య మెత్తలా ఉండే డిస్కును కాసేపు పక్కన పెట్టి కండతోనే మొదలుపెడతాను.

వెన్నుపూసలను ఆనుకొని రెండు పక్కలా మల్టిఫిడస్ అనే కండ ఉంటుంది. మనం వంగి బరువెత్తేటప్పుడు పూసలు కుదురు తప్పకుండా పట్టి ఉంచే కండల్లో ఇది ముఖ్యమైనది. పాత పద్ధతిలో నడుము మధ్యలో కోసి, ఈ కండను ఎముక నుంచి ఒలిచి, లోహపు కొక్కేలతో పక్కకు లాగి, పని పూర్తయ్యేదాకా అలాగే బిగించి ఉంచేవారు. ఆ ఒత్తిడికి కండలో రక్తప్రసరణ తగ్గుతుంది. అంతకన్నా పెద్ద నష్టం నరానిది: ఈ కండకు ప్రాణం పోసే సన్నని నరపు కొమ్మ ఎముక పక్కనే ఒక పీచు పట్టీ కింద ఇరుక్కొని ఉంటుంది కాబట్టి, కండను లాగినంత మేర అది సాగలేక దెబ్బతింటుంది. నరం పోయిన కండ క్రమంగా చిక్కిపోయి, అందులో కొవ్వు చేరుతుంది. ఆపరేషన్ తరువాత, జారిన డిస్కు నరాన్ని నొక్కడం వల్ల వచ్చిన కాలినొప్పి తగ్గినా "నడుములో పట్టు లేదండీ" అని తిరిగి వచ్చేవారిలో కొందరి బాధకు మూలం ఇక్కడే ఉంటుంది.

మల్టిఫిడస్‌కూ, దాని పక్కనున్న లాంజిసిమస్ అనే కండకూ నడుమ ప్రకృతే ఇచ్చిన సందు ఒకటి ఉంది. ఆ సందులోంచి వెన్నును చేరే మార్గాన్ని అమెరికా శస్త్రవైద్యుడు లియాన్ విల్ట్సీ 1968లో వివరించారు. 1997లో శస్త్రవైద్యులు ఫోలీ, స్మిత్ గొట్టాల పద్ధతిని తెచ్చారు. ముందు సన్నని గొట్టం, దాని మీదుగా కాస్త లావుది, ఆపై మరొకటి దింపుతూ పోతే, మంగళగిరి నేతగాడు పడుగు పోగులను వేలితో ఎడం చేసినట్టు, కండ పోగులు చాలావరకు తెగకుండానే తప్పుకుంటాయి. దాదాపు రెండు సెంటీమీటర్ల వెడల్పున్న చివరి గొట్టంలోంచి మైక్రోస్కోపుతో చూస్తూ జారిన డిస్కు ముక్కను తీస్తాం. నరాల దారి ఇరుకైన వృద్ధులకు ఒక పక్క నుంచే వెళ్లి, గొట్టాన్ని వాల్చి రెండో పక్కను కూడా వదులు చేయవచ్చు. ఆ పక్క కండను ముట్టుకోనవసరం లేదు.

అయితే కుట్టు పొడవును బట్టి ఆపరేషన్‌ను బేరీజు వేయడం, డబ్బా అందం చూసి చీర కొనడం వంటిదే. కాలినొప్పి తగ్గడంలో, ఏడాది రెండేళ్ల తరువాత చూస్తే, పాత పద్ధతికీ దీనికీ పెద్ద తేడా ఉండదు. తొలిరోజుల నొప్పి, రక్తస్రావం తక్కువగా ఉండడమే స్పష్టంగా కనిపించే మేలు. గొట్టంలో పనిచేయడం నేర్చుకోవడానికి వైద్యుడికి ఏళ్లు పడుతుంది, ఎక్స్‌రేల వాడకమూ ఎక్కువే. వెన్ను బాగా వంకర తిరిగినవారికి చాలాసార్లు పెద్ద కోత తప్పదు.

అసలు డిస్కు జారినవారిలో ఎక్కువమందికి 6 నుంచి 12 వారాల్లో కత్తి అవసరం లేకుండానే నొప్పి తగ్గుముఖం పడుతుంది. మూత్రం బిగుసుకుపోయినా, తొడల మధ్య స్పర్శ పోయినా, పాదం పైకి లేవక వేలాడినా మాత్రం ఒక్క పూట కూడా ఆగకుండా ఆసుపత్రికి రావాలి.

కత్తి నుంచి కాపాడిన కండైనా పని చెప్పకపోతే బలహీనపడుతుంది. అందుకే, టిక్కీ మళ్లీ ఎప్పుడు ఎత్తవచ్చో చెప్పే ముందు, మోకాళ్లు, అరచేతులు నేలకానించి ఎదురెదురు చేయి, కాలు చాపే వ్యాయామాన్ని మా ఫిజియోథెరపిస్టు గారు ఇప్పుడు ఈ వేదిక మీదే చేసి చూపిస్తారు.