చిన్న నగరంలో కొత్త జట్టు

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలో ఏదో ఒక చిన్న నగరంలో ప్రొఫెషనల్ ఇండోర్ ఫుట్‌బాల్ జట్టు కొత్తగా మొదలవుతోందని ప్రకటన వెలువడగానే అందరి చూపూ జట్టు పేరు మీద, దాని రంగుల మీద, కోచ్ ఎవరన్న విషయం మీద పడుతుంది. నేను మాత్రం ఆ ప్రకటనలో ఒక్క సంగతి కోసం వెతుకుతాను. వాళ్లు ఆడబోయే హాలుతో ఒప్పందం ఎన్నేళ్లకు కుదిరింది? ఇక్కడ ఫుట్‌బాల్ అంటే రెండు కొసలూ మొనదేలిన బంతిని చేతపట్టుకొని పరుగెత్తుతూ, విసురుతూ ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ అని ముందుగా మనవి చేస్తున్నాను. ఆరుబయట ఆడే ఆ ఆటను నాలుగు గోడల మధ్యకు తెచ్చినప్పుడు, జట్టు బతుకు ఆ గోడలతోనే ముడిపడిపోతుంది.

కప్పు కింద ఆడిన పాత ఆటల్లో బాగా పేరుకెక్కినది 1932 డిసెంబరు 18న చికాగోలో జరిగింది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో అతి పెద్ద లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ విజేత ఎవరో తేల్చవలసిన ఆ పోటీని, బయట మంచూ చలీ విపరీతంగా ఉండడంతో, చికాగో స్టేడియం అనే హాల్లోకి మార్చారు. అంతకు ముందు సర్కస్ కోసం అక్కడ పరిచిన మట్టి అలాగే ఉంటే, దాని మీదే, కొలతలు కుదించి గీతలు గీసుకొని ఆడారు. చికాగో బేర్స్ 9-0తో గెలిచింది. ఓడిన జట్టు పేరు స్పార్టన్స్. అది ఒహాయో రాష్ట్రంలో నది ఒడ్డున ఉన్న పోర్ట్స్‌మత్ అనే ఊరిది. అప్పటి జనాభా 42 వేల పైచిలుకు. అంత చిన్న ఊరు దేశంలోకెల్లా పెద్ద లీగ్‌లో ఆఖరి ఆట దాకా వచ్చింది. రెండేళ్లు తిరగకుండానే, 1934లో, ఆ జట్టు చేతులు మారి డెట్రాయిట్‌కు వెళ్లిపోయింది. ఈ రోజు డెట్రాయిట్ లయన్స్‌గా మనకు తెలిసిన జట్టు అదే. చిన్న ఊరికి జట్టును తెచ్చుకోవడం ఒక పని, నిలుపుకోవడం మరో పని అన్న సంగతి నాకు మొదట బోధపడింది పోర్ట్స్‌మత్ కథతోనే.

ఇప్పుడు మనం చూసే ఇండోర్ ఆటకు రూపం ఇచ్చినవాడు జిమ్ ఫోస్టర్. 1981 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఇండోర్ సాకర్ పోటీ చూస్తూ, ఇదే నేల మీద అమెరికన్ ఫుట్‌బాల్ ఎందుకు ఆడకూడదని ఆయనకు తోచి, చేతిలో ఉన్న కవరు మీదే బొమ్మ గీసుకున్నాడు. ఆ బొమ్మలో ఉన్న తెలివి ఏమిటో కొలతలు చెబుతాయి. ఐస్ హాకీ ఆడే ప్రామాణిక రింకు పొడవు 200 అడుగులు, వెడల్పు 85 అడుగులు. ఫోస్టర్ ఆటలో మైదానం 50 గజాలు, పాయింట్ల కోసం బంతిని చేర్చవలసిన ఎండ్ జోన్లు రెండు చివరలా ఎనిమిదేసి గజాలు, మొత్తం 66 గజాలు, అంటే 198 అడుగులు. వెడల్పు సరిగ్గా 85 అడుగులే. మంచు పలక మీద అట్టలు కప్పి, వాటి మీద టర్ఫ్ అనే పచ్చని కృత్రిమ గడ్డి చుట్టలు పరిస్తే చాలు, ఉన్న హాకీ హాలే ఫుట్‌బాల్ మైదానం అవుతుంది. వేల కుర్చీలున్న స్టేడియం కట్టుకోలేని ఊళ్లకు ఈ రెండడుగుల తేడాతో సరిపోయిన లెక్క ఎంత పెద్ద వరమో ఆలోచించండి. 1986లో ఇల్లినాయి రాష్ట్రంలోని రాక్‌ఫర్డ్ నగరంలో ప్రయోగాత్మకంగా ఒక ఆట ఆడి చూసి, మరుసటి ఏడాది నాలుగు జట్లతో అరీనా ఫుట్‌బాల్ లీగ్ ప్రారంభించారు.

నేల కుదించడంతో ఆట స్వభావమే మారిపోయింది. జట్టుకు పదకొండు మందికి బదులు ఎనిమిది మంది. పక్క గీత ఉండవలసిన చోట మెత్తలు తొడిగిన గోడ ఉంటుంది కాబట్టి, బంతి పట్టుకొని పరుగెత్తేవాడు గీత దాటి ప్రాణం దక్కించుకునే వీలు లేదు; భుజంతో సహా గోడకు గుద్దుకుంటాడు, ఆ చప్పుడు మొదటి వరుసలో కూర్చున్నవాళ్లకు తమ కుర్చీలోనే వినిపిస్తుంది. గోల్ స్తంభాలకు రెండు పక్కలా కట్టిన వలలకు తగిలి వెనక్కి వచ్చిన బంతి ఇంకా ఆటలోనే ఉన్నట్టు లెక్క. ఆ వలలకు 1990లో పేటెంట్ రావడంతో పోటీగా పుట్టిన ఇతర లీగులు వలలు లేకుండానే ఆట నడుపుకోవలసి వచ్చింది. బంతిని దూరంగా తన్ని ఎదుటివాళ్లకు అప్పగించే పంట్ అసలే లేదు, అందువల్ల ఒక్కో జట్టు నలభై, యాభై పాయింట్లు చేయడం మామూలు. అన్నింటికన్నా నాకు నచ్చేది ప్రేక్షకుల్లోకి వెళ్లిన బంతి సంగతి. దాన్ని పట్టుకున్నవాళ్లే ఇంటికి తీసుకుపోవచ్చు. గుండెకు హత్తుకున్న ఆ బంతితో పదేళ్ల పిల్లవాడు మెట్లు దిగుతున్నప్పుడు, ఆ ఊరికి ఒక జట్టు ఉందన్న మాటకు అసలైన రుజువు నాకు అక్కడ కనిపిస్తుంది.

ఇక డబ్బు సంగతి. ఒక సీజన్‌లో సొంత హాల్లో జరిగే ఆటలు ఎనిమిదికి అటూ ఇటూ. ఏడాదిలో మిగిలిన రాత్రులన్నీ ఆ హాలు హాకీకో, సంగీత కచేరీలకో చెందుతుంది. ఆ కొద్ది రాత్రుల టిక్కెట్ల మీద, గోడ మెత్తల మీద అచ్చు వేయించుకునే స్థానిక వ్యాపారుల ప్రకటనల మీద వచ్చే సొమ్ముతోనే హాలు అద్దె, దూర ప్రయాణాలు, ఆటగాళ్ల వసతి, పైగా ఆటలో గాయపడ్డవారికి చెల్లించవలసిన బీమా, అన్నీ గట్టెక్కాలి. ఆ బీమా చిన్న ఖర్చు కాదు. మనిషి మీద మనిషి పడే ఆట ఇది. ఆటగాళ్లకు ముట్టేది తక్కువే కాబట్టి చాలామంది మరో ఉద్యోగం కూడా చేసుకుంటారు.

కొత్త జట్టు ప్రకటించిన ప్రతిచోటా కర్ట్ వార్నర్ పేరు తప్పక వినిపిస్తుంది. 1994లో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు గ్రీన్ బే ప్యాకర్స్ వద్దనుకున్నాక ఒక సూపర్ మార్కెట్‌లో రాత్రిపూట అరలు సర్దిన ఆ క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి దాడి నడిపే ఆటగాడు, 1995 నుంచి మూడు సీజన్లు డి మొయిన్ నగరపు ఇండోర్ జట్టు అయోవా బార్న్‌స్టార్మర్స్‌కు ఆడి, 2000 జనవరిలో సెయింట్ లూయీ రామ్స్‌ను ఎన్‌ఎఫ్‌ఎల్ ఆఖరి పోటీ అయిన సూపర్ బౌల్‌లో గెలిపించాడు. కథ నిజమే, అద్భుతమే. దాని తరువాయి భాగాన్ని మాత్రం ప్రకటనల్లో ఎవరూ చెప్పరు: వార్నర్ అంతటివాడైన మరుసటి ఏడాదికే ఆ బార్న్‌స్టార్మర్స్ జట్టును న్యూయార్క్‌కు తరలించారు. అదే పేరుతో మరో జట్టు డి మొయిన్‌లో నిలదొక్కుకోవడానికి 2008 దాకా ఆగవలసి వచ్చింది.

గెలుపులు కాపాడతాయనుకుందామా? దక్షిణ డకోటా రాష్ట్రంలోని సూ ఫాల్స్ స్టార్మ్ జట్టు 2005 నుంచి 2008 వరకు వరుసగా నాలుగు, 2011 నుంచి 2016 వరకు వరుసగా ఆరు టైటిళ్లు గెలిచింది. అలాంటి జట్టు 2024 సీజన్‌లో మైదానంలోనే లేదు. మరోవైపు, పట్టుమని లక్ష పైచిలుకు జనాభా ఉన్న గ్రీన్ బేలో, ప్యాకర్స్ వంటి మహావృక్షం నీడలో, బ్లిజర్డ్ అనే ఇండోర్ జట్టు 2003 నుంచి ఆడుతూనే ఉంది.

మోంటానా రాష్ట్రంలోని బిల్లింగ్స్ కథ దగ్గర మాత్రం నేను కొంచెం ఆగుతాను. లక్షకు కాస్త పైబడిన ఊరు అది. 2009లో ఇండోర్ ఫుట్‌బాల్ లీగ్ విజేత ఆ ఊరి ఔట్‌లాస్ జట్టే. 2010 జూన్ 20న, సీజన్ ఇంకా ముగియకుండానే, ఊరి మీద టోర్నడో విరుచుకుపడి జట్టు ఆడే మెట్రాపార్క్ అరీనా పైకప్పును చీల్చేసింది. జట్టు ఊళ్లోనే మరో చిన్న హాలుకు మారి, ఆ వేసవిలో మళ్లీ లీగ్ గెలిచింది. గెలిచిన తర్వాత మూతపడింది. అన్నీ ఉండి ఆడటానికి చోటు లేకపోతే ఏమవుతుందో ఇంతకన్నా స్పష్టంగా చూపే ఉదంతం నాకు మరొకటి తెలియదు. హాలు బాగుపడింది, చాలా ఏళ్లకు, 2022లో, అదే పేరుతో జట్టు మళ్లీ మైదానంలోకి వచ్చింది. 2024లో పాత అరీనా ఫుట్‌బాల్ లీగ్ పేరుతో పదహారు జట్లతో సీజన్ మొదలుపెట్టినప్పుడు అందులో చేరింది. మొదలైన కొద్ది వారాలకే జట్లు ఒక్కొక్కటిగా తప్పుకోవడం మొదలైంది, లీగ్ యాజమాన్యమే మారిపోయింది. ఆ కల్లోలంలో చివరిదాకా నిలబడి ట్రోఫీ అందుకున్నది బిల్లింగ్సే.

కాబట్టి మీకు తెలిసిన ఏ అమెరికన్ పట్టణంలోనైనా ఇలాంటి జట్టు పుడుతోందని వింటే, అక్కడి మిత్రులను మూడు సంగతులు అడగండి: హాలు ఒప్పందం ఎన్నేళ్లు, చేరిన లీగ్ ఎన్ని సీజన్లు ఆగకుండా నడిచింది, వచ్చే ఏడాది సీజన్ టిక్కెట్లు ఇప్పటినుంచే అమ్ముతున్నారా లేదా. మొదటి సీజన్‌కు కుతూహలం కొద్దీ జనం వస్తారు. రెండో సీజన్ ముందు వచ్చే శీతాకాలమే గడ్డుకాలం, ఎందుకంటే అప్పుడు ఆటలు ఉండవు, ఆదాయం ఉండదు, జీతాలు అందుకునే ఆఫీసు సిబ్బంది మాత్రం ఉంటారు.

ఆట ముగిసిన రాత్రి ప్రేక్షకులను మైదానంలోకి రానిస్తారు. చెమటతో తడిసిన ఆటగాళ్లు గోడకు ఆనుకొని నిలబడి పిల్లల బంతుల మీద, టోపీల మీద సంతకాలు చేస్తుంటారు. జనం బయటికి వెళ్లగానే హాలు పనివాళ్లు టర్ఫ్‌ను చుట్టలు చుట్టి గోదాములోకి నెట్టుకుపోతారు, కింద రింకు గచ్చు మళ్లీ బయటపడుతుంది. ఆ చుట్టలను తిరిగి పరచవలసిన తేదీ హాలు క్యాలెండర్‌లో వచ్చే మార్చికి రాసి ఉందా లేదా అన్నది, ఆ రాత్రి సంతకం చేయించుకున్న పిల్లవాడికి తెలియదు.