106.5 ఎక్కడ ఆగిపోతుందో అక్కడి దాకా

నమస్కారం అండి. శనివారం వస్తే మేము కూరగాయలకూ పచారీ సామానుకూ బయలుదేరతామని ఈ ఛానెల్ చూసేవారికి తెలిసిందే. ఈ వారం ఆ పనిని రేపటికి వాయిదా వేసుకుని ఫిలడెల్ఫియా నడిబొడ్డుకు వచ్చాం. నేను కారు నడుపుతున్నాను, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి పక్కన కూర్చుని చిత్రీకరిస్తోంది. కారు రేడియోలో 106.5 పెట్టాం. సిటీ హాల్ దగ్గర మొదలుపెట్టి, బ్రాడ్ స్ట్రీట్ మీదుగా ఉత్తరం వైపు, ఈ స్టేషన్ వినబడకుండా పోయేదాకా వెళ్లి చూడాలన్నది ఇవాళ్టి ఉద్దేశం.

ఈ స్టేషన్ పేరు డబ్ల్యూపీపీఎం. నగర ప్రజలే కార్యక్రమాలు చేసుకునే కేబుల్ టీవీ ఛానెల్‌ను నడిపే ఫిలీక్యామ్ అనే లాభాపేక్ష లేని సంస్థ దీన్ని 2016లో మొదలుపెట్టింది. ఇలాంటి వాటిని ఇక్కడ లో పవర్ ఎఫ్ఎం అంటారు. వీటికి అనుమతించే గరిష్ఠ శక్తి 100 వాట్లు, అంటే పాతకాలపు గుండు బల్బు ఒకటి వాడుకునేంత. యాంటెనా 30 మీటర్ల ఎత్తున ఉంటే చుట్టూ ఐదున్నర కిలోమీటర్ల దాకా బాగా వినిపిస్తుందని లెక్క. ఈ ప్రాంతంలో పెద్ద వాణిజ్య స్టేషన్లకు 50,000 వాట్ల వరకు అనుమతి ఉంటుంది. తక్కువ శక్తి లైసెన్సులు మాత్రం స్థానికంగా ఉండే లాభాపేక్ష లేని సంస్థలకే ఇస్తారు, వాటిలో వ్యాపార ప్రకటనలు వేయకూడదు.

నాకు ఇంత చిన్న రేడియో మీద ఇంత మమకారం ఎందుకంటే, మా అమ్మమ్మ వాళ్ల ఊరు జహీరాబాద్ పక్కన. అక్కడికి దగ్గర్లోని మాచ్‌నూర్ నుంచి 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో 90.4 మీద ప్రసారాలు మొదలుపెట్టింది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ మహిళా సంఘాలలోని దళిత మహిళలు నడిపే ఆ స్టేషన్‌ను జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు ముందుండి నడిపించారు. అప్పటికి పదేళ్ల ముందే, 1998 నాటికే, వారు కార్యక్రమాలు రికార్డు చేయడం నేర్చుకున్నారు, కానీ లైసెన్సు లేక ఆ క్యాసెట్లను సంఘం సమావేశాలకు తీసుకువెళ్లి వినిపించేవారు. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ఆ తీర్పు ఇచ్చినవారిలో మన తెలుగువారు జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి కూడా ఉన్నారు. అయినా విద్యాసంస్థలను దాటి స్వచ్ఛంద సంస్థలకు ఆ తలుపు తెరుచుకోవడానికి 2006 దాకా ఆగవలసి వచ్చింది.

ఒకసారి సెలవులకు వెళ్లినప్పుడు అమ్మమ్మ పక్కన కూర్చుని ఆ రేడియో విన్నాను. కొర్రలు, సామలు, విత్తనం ఎలా దాచుకోవాలి, ఏ చేనులో ఏది కలిపి చల్లాలి అని ఒక ఆమె మాట్లాడుతోంది. అమ్మమ్మ కాసేపు విని, "రేడియోల గూడ మన లెక్కనే మాట్లాడుతున్నరు బిడ్డా" అంది. సినిమాల్లో నవ్వించడానికి వాడిన యాసలోనే ఇక్కడ ఒక మనిషి తనకు తెలిసిన విద్యను చెబుతోంది, ఊళ్లోవాళ్లు చెవులు రిక్కించి వింటున్నారు. మా అమ్మమ్మ జీవితకాలంలో తన మాట తీరు గౌరవంగా వినబడిన పరికరం అదొక్కటే అని నేను నమ్ముతాను.

టెంపుల్ యూనివర్సిటీ దాటాం. స్టేషన్ ఇంకా స్పష్టంగానే వినిపిస్తోంది.

అమెరికాలోనూ ఇది సులువుగా రాలేదు. ఇల్లినాయ్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఎంబన్నా కాంటాకో అనే చూపులేని నల్లజాతి వ్యక్తి 1980ల చివర్లో, పేదల కోసం ప్రభుత్వం కట్టిన ఇళ్ల సముదాయంలో ఒక్క వాట్ ట్రాన్స్‌మిటర్ పెట్టి, పోలీసుల దౌర్జన్యాల గురించి ఇరుగుపొరుగు చేతనే మాట్లాడించారు. ప్రభుత్వం 750 డాలర్ల జరిమానా వేసినా ఆయన మళ్లీ ప్రసారం మొదలుపెట్టారు. ఆ దారిలో ఎందరో నడిచారు. ఈ ఫిలడెల్ఫియాలోనే, లైసెన్సు లేని రేడియో నడిపినవారి చొరవతో 1998లో ప్రామిథియస్ రేడియో ప్రాజెక్ట్ పుట్టింది. 2000 జనవరిలో కేంద్ర కమ్యూనికేషన్ల కమిషన్ తక్కువ శక్తి లైసెన్సులకు ఒప్పుకుంది. కానీ పెద్ద స్టేషన్ల సంఘం తమ ప్రసారాలకు ఆటంకం కలుగుతుందని పట్టుబట్టడంతో, ఆ ఏడాది చివరికే అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ నిబంధనలు బిగించి, నగరాల్లో దాదాపు చోటు లేకుండా చేసింది. ఆ భయానికి తగిన ఆధారం లేదని కాంగ్రెస్ కోరిక మీదే జరిగిన అధ్యయనం 2003లో తేల్చింది. అయినా చట్టం మారింది 2011 జనవరిలో. అంత పెద్ద నగరాల్లోని పేటలకు పదేళ్లపాటు గొంతు లేకుండా పోయిందంటే ఇప్పటికీ నాకు మనసు ఒప్పుకోదు.

మన దేశంలో సామాజిక రేడియోలు సొంతంగా వార్తలు చెప్పకూడదన్న నిబంధన ఉంది, ఆకాశవాణి వార్తలను తిరిగి వినిపించుకోవచ్చు. ఊళ్లో బోరు ఎందుకు ఎండిందో, రేషన్ ఎందుకు రాలేదో ఆ ఊరి మనిషే చెప్పే అవకాశం ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను.

"ఇంత తక్కువ దూరం వినిపిస్తే ఏం లాభం నాన్నా?" అని మా అమ్మాయి అడిగింది. దానికి నాకు తెలిసిన చక్కని జవాబు టోక్యో నుంచి వచ్చింది. టెత్సువో కొగావా అనే కళాకారుడు, విమర్శకుడు 1980ల ఆరంభంలో అక్కడ మినీ ఎఫ్ఎం ఉద్యమానికి ప్రేరణ అయ్యారు. అతి బలహీనమైన తరంగాలకు జపాన్ చట్టంలో లైసెన్సు అక్కర్లేదు, కాబట్టి కుర్రాళ్లు కొన్ని వందల మీటర్ల మేర వినిపించే స్టేషన్లు పెట్టారు. షిమోకిటజావా పేటలో రేడియో హోమ్ రన్ అలా పుట్టింది. వినేవాడు నడిచి వచ్చి తలుపు తట్టి మైకు ముందు కూర్చోగలిగేంత దగ్గర అది. దూరం తగ్గించడాన్నే ఆయన కళగా మలిచారు. జనం ముందు కొద్దిపాటి విడిభాగాలతో ట్రాన్స్‌మిటర్ తయారుచేసి చూపిస్తారు, ట్రాన్స్‌మిటర్ల దగ్గర చేతులు కదిలిస్తూ మారే ధ్వనినే ప్రదర్శనగా ఇస్తారు. చెయ్యి కదిపితే తరంగం మారుతుందని కళ్లారా చూసిన మనిషికి రేడియో ఎక్కడో ఉన్న పెద్దల సొత్తు అనిపించదు.

రూజ్‌వెల్ట్ బులెవార్డ్ ఎక్కాం. ఇంటి అద్దెల గురించి మాట్లాడుతున్న ఒక మహిళ గొంతులో గరగర మొదలైంది. ఎఫ్ఎంలో ఒకే ఫ్రీక్వెన్సీ మీద రెండు స్టేషన్లు ఎదురైతే రిసీవర్ బలమైనదానికే అతుక్కుంటుంది. ఒక మలుపులో ఆమె మాట సగంలో తెగిపోయి, ఎక్కడిదో పాట గట్టిగా మోగింది.

కారు వెనక్కి తిప్పాను. నాలుగు సిగ్నళ్లు దాటాక ఆమె గొంతు తిరిగి వచ్చింది, ఇంకా అద్దెల గురించే చెబుతోంది. ఫిలీక్యామ్‌లో సభ్యత్వం తీసుకుంటే కార్యక్రమం చేయడం నేర్పిస్తారు. మా అమ్మాయి ఫోన్ పక్కన పెట్టి వివరాలు నోట్ చేసుకుంది. అమ్మమ్మ పాడిన కలుపు పాట ఒకటి నా దగ్గర రికార్డు చేసి ఉంది, వెనకాల కోళ్ల అరుపులు కూడా వినిపిస్తాయి. వచ్చే శనివారం అది పట్టుకుని వెళ్తున్నాం.