ఉప్పుగాలిలో పది కుటుంబాల ఇల్లు

అందరికీ నమస్కారం. కలిసి స్థలం కొని, కలిసి ఇళ్ళు కట్టుకుందామనుకుంటున్న మీ పది కుటుంబాలతో మాట్లాడమని పిలిచినందుకు సంతోషం. విశాఖలో ముప్పయ్యేళ్ళుగా సైట్ల మీద తిరుగుతున్నాను. డబ్బు ఎక్కడ మిగుల్చుకోవచ్చు, ఎక్కడ రూపాయి కూడా తగ్గించకూడదు, ఇదే చెబుతాను.

ముందు మిగిలే చోటు. డెన్మార్క్‌లో 1972లో మొదలైన సెటెడామెన్ అనే ఉమ్మడి నివాసంలో ఎవరి ఇల్లు వారిదే, భోజనాల హాలు ఉమ్మడిది. మండువా లోగిలిలో పెరిగినవాళ్ళకి ఇందులో వింతేమీ ఉండదు. మన లెక్క చూద్దాం. 2016 నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం రెండు గదుల ఇంట్లో ఒకటి కనీసం 9.5, రెండోది 7.5 చదరపు మీటర్లు ఉండాలి. చుట్టాల కోసమని ప్రతి ఇంటికీ ఇంకో 7.5 చదరపు మీటర్ల గది వేస్తే పదిళ్ళకి 75. అందరిళ్ళకీ ఒకే వారం చుట్టాలు రారు. రెండు గదులు ఉమ్మడిగా ఉంచుకుంటే 15 సరిపోతుంది. 60 చదరపు మీటర్ల కట్టుబడి మిగిలినట్టే.

గోడల్లో కూడా మిగులుతుంది. ఫ్లైయాష్ (థర్మల్ ప్లాంట్ల బూడిద), సున్నం, జిప్సం కలిపి, బట్టీలో కాల్చకుండానే ఇటుక చేసే ఫాల్-జి పద్ధతి మన విశాఖలో పుట్టిందే. భానుమతీదాస్, కాళిదాస్ గార్ల కృషి అది. లోడు దిగగానే ఒక ఇటుకని తీసి, పూర్తిగా ఆరబెట్టి తూచి, రోజంతా నీళ్ళలో ఉంచి, మళ్ళీ తూచండి. పొడిబరువులో ఐదో వంతు కంటే ఎక్కువ నీరు పీలిస్తే తిప్పి పంపేయండి. కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ విరివిగా వాడిన ర్యాట్ ట్రాప్ కట్టుబడిలో ఇటుకని అంచు మీద నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదిలి పేరుస్తారు. దాదాపు 25 శాతం ఇటుకలు తగ్గుతాయి. ఒక అంతస్తు మేడ వరకూ పిల్లర్లు లేకుండా గోడల మీదే కట్టవచ్చు, కానీ తలుపులూ కిటికీల పైన లింటెల్ దగ్గరా స్లాబ్ కిందా చుట్టూ కాంక్రీట్ బ్యాండ్ తిరగాలి, డిజైన్ స్ట్రక్చరల్ ఇంజనీరే చేయాలి. సముద్రం పక్కన ఇనుము తగ్గేకొద్దీ తుప్పు భయమూ తగ్గుతుంది.

ఇక తగ్గించకూడని చోటు. పెదవాల్తేరులో మా అమ్మ ఉన్న ఫ్లాట్ బాల్కనీ కింద చేత్తో తడితే డొల్ల చప్పుడు వచ్చేది. ఒకరోజు అరచేతి వెడల్పు పెచ్చు ఊడిపడింది. లోపల రాడ్డు పొరలు పొరలుగా రాలుతోంది. టేపు పెట్టి చూస్తే దాని మీద కాంక్రీట్ 12 మిల్లీమీటర్లు. ఆ కింద నిలబడే మా అమ్మ రోజూ పూలకుండీలకి నీళ్ళు పోసేది. ఆ కొలత నేను మర్చిపోలేదు.

కాంక్రీట్ కట్టుబడికి మన దేశపు కోడ్ ఐఎస్ 456 తీరప్రాంతాన్ని తీవ్రమైన పరిస్థితిగా లెక్కగడుతుంది. కనీసం ఎం30 గ్రేడ్ కాంక్రీట్, రాడ్డు మీద కనీసం 45 మిల్లీమీటర్ల కవర్, అంటే కాంక్రీట్ పొర, ఉండాలి. నీరు-సిమెంట్ నిష్పత్తి 0.45కి మించకూడదు. అంటే 50 కిలోల బస్తాకి 22.5 లీటర్లు, ఇసుకలో తడి కూడా అందులోనే. మిక్సర్ దగ్గర బకెట్‌తో అందాజుగా పోస్తుంటే ఆపించండి. రాడ్డు కింద కంకర ముక్కలు కాదు, కొలిచి పోసిన కవర్ బ్లాకులు ఉండాలి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఎగిరిపోయిన రేకులు మీరంతా చూశారు. గాలి భారాల కోడ్‌లో మన ఊరికి రాసిన ప్రాథమిక గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. మీ ఉమ్మడి హాలుకి రేకులే వేస్తే పైన రాళ్ళు పెట్టి సరిపెట్టకండి. రేకుల్ని మోసే ట్రస్‌ల బోల్టులు కాంక్రీట్ బ్యాండ్‌లోకి దిగాలి.

చివరగా క్యూరింగ్, అంటే పోసిన కాంక్రీట్‌ని తడిగా ఉంచడం. మూడో రోజుకే స్లాబ్‌కి నీళ్ళు కొట్టడం మానేస్తారు. ఇనుప కొలిమి చిట్టెం కలిపిన స్లాగ్ సిమెంట్ ఉప్పుగాలికి బాగా తట్టుకుంటుంది, కానీ కనీసం పది రోజులు తడి ఆరకూడదు. మీరు పది కుటుంబాలు. స్లాబ్ వేసే రోజే ఇంటికొక రోజు చొప్పున పేర్లు రాసి, ఆ కాగితం సైట్ గేటుకి అంటించండి. గోనె సంచులు, ట్యూబు నేను తెస్తాను.