లిలియాస్ ఏడీ దాచిన పేర్లు

అందరికీ నమస్కారం.

స్కాట్లాండ్ మంత్రగత్తెల విచారణలు అనగానే మంటలే గుర్తొస్తాయి. నేను మంటల దాకా వెళ్ళని ఒకావిడ గురించి చెబుతాను. పేరు లిలియాస్ ఏడీ. ఊరు ఫైఫ్ ప్రాంతంలోని టోరీబర్న్, సముద్రపు పాయ ఒడ్డున ఉంటుంది.

1704లో ఊళ్ళో ఒకావిడ తనకు ఈమె కీడు చేసిందంది. ఆ మాట చాలింది. చేతబడి నిందలు చూసిన మన పల్లెల వాళ్ళకు ఇదేం కొత్త కాదు. 1563 నాటి చట్టం ప్రకారం మంత్రవిద్యకు మరణశిక్ష. 1736లో రద్దయ్యేలోపు ఆ చట్టం కింద నిందపడ్డవాళ్ళు 3,800 మంది పైనే, వందకు ఎనభై మందికి పైగా ఆడవాళ్ళు. చాలామందిని రాత్రుళ్ళు నిద్రపోనివ్వకుండా కూర్చోబెట్టి ఒప్పించేవారు. కునుకు లేని మనిషి దేనికైనా ఊఁ అంటుంది కదా.

లిలియాస్ కూడా ఒప్పుకుంది. కోతల కాలంలో పొలంలో సైతాను కలిశాడట. ఒళ్ళు చల్లగా ఉందట, నెత్తిన టోపీ, కాళ్ళకు కోడెదూడ గిట్టలు. పాస్టరూ చర్చి పెద్దలూ ఇదంతా శ్రద్ధగా రాసుకున్నారు. వాళ్ళకు అసలు కావలసింది వేరే: సైతానుతో జరిగిన కూటాలకు ఇంకా ఎవరెవరు వచ్చారు? ఒకరు నోరు విప్పితే నలుగురు దొరుకుతారు, ఆ నలుగురు ఇంకో పదిమందిని చెబుతారు. ఈ విచారణలు ఊళ్ళకు ఊళ్ళను చుట్టేసింది ఇలాగే.

లిలియాస్ ఏమందంటే, వచ్చినవాళ్ళు పెద్దింటి ఆడవాళ్ళలా ముసుగులు వేసుకున్నారు, మొహాలు కనిపించలేదు అంది. గట్టిగా అడిగితే అప్పటికే అందరికీ తెలిసిన పేర్లే చెప్పింది. భయంతో తడబడిందని ఎవరైనా అనొచ్చు. తెలిసే చేసిందని నా నమ్మకం. సైతాను గిట్టలు గుర్తున్న మనిషికి ఇరుగుపొరుగు మొహాలు గుర్తుండవా?

విచారణ పూర్తికాకముందే ఆమె జైల్లో చనిపోయింది. శవం లేచి వస్తుందని ఊరివాళ్ళకు టెన్షన్. శ్మశానంలో చోటివ్వలేదు. ఆటుకీ పోటుకీ మధ్య బురదలో పాతి, పైన పెద్ద రాతిబండ పెట్టారు.

1852లో పురావస్తువుల మీద మోజున్న కొందరు ఆ గోతిని తవ్వేశారు. శవపెట్టె చెక్కతో చేతికర్ర కూడా చేయించుకున్నారు! పుర్రె సెయింట్ ఆండ్రూస్ యూనివర్సిటీ మ్యూజియానికి చేరింది, 1938లో గ్లాస్గో ఎగ్జిబిషన్‌లో ప్రదర్శనకూ పెట్టారు, ఆ తర్వాత జాడ లేదు. అదృష్టం కొద్దీ పాత ఫొటోలు మిగిలాయి. వాటి ఆధారంగా 2017లో డండీ యూనివర్సిటీ వాళ్ళు ఆమె మొహాన్ని కంప్యూటర్‌లో తయారుచేశారు. మన వీధిలో కనిపించే పెద్దావిడలాగే ఉంటుంది.

2022 మార్చి 8న అప్పటి స్కాట్లాండ్ ప్రభుత్వాధినేత (ఫస్ట్ మినిస్టర్) నికోలా స్టర్జన్ నిందితులందరికీ క్షమాపణ చెప్పారు. శిక్షలను చట్టపరంగా రద్దుచేయాలని కూడా కొందరు అడుగుతున్నారు. లిలియాస్‌కు అది వర్తించదు, ఆమె మీద తీర్పే రాలేదు. ఆమె ఎముకలు ఎవరి దగ్గరైనా ఉంటే ఇచ్చేయమని 2019లో ఫైఫ్‌లో విజ్ఞప్తి చేశారు, మర్యాదగా ఖననం చేయడానికి.